గుండెకు తోడుగా ఓ పంపు

ఎల్‌వ్యాడ్ అమర్చిన మనిషి మణికట్టు పట్టుకుంటే చాలాసార్లు నాడి అందదు. అయినా రక్తం ఎడతెగకుండా పారుతూనే ఉంటుంది.

ఎల్‌వ్యాడ్ అంటే లెఫ్ట్ వెంట్రిక్యులర్ అసిస్ట్ డివైస్. గుండె వైఫల్యం మందులకు లొంగని దశకు చేరినప్పుడు, నీరసించిన ఎడమ జఠరిక నుంచి రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి నెడుతుంది. గుండెను తీసేయరు, పంపు దానికి ఆసరా మాత్రమే. పరీక్షలు రాసే అభ్యర్థులు దీన్ని కృత్రిమ గుండె అనుకుని పొరబడేది ఇక్కడే. 1982లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో బార్నీ క్లార్క్‌కు పెట్టిన జార్విక్‌-7 పూర్తి కృత్రిమ గుండె. దానితో ఆయన 112 రోజులు బతికారు. సహాయక పంపు అంతకంటే పాతది: 1966లోనే హ్యూస్టన్‌లో మైఖేల్ డిబేకీ దానితో ఒక రోగిని గట్టెక్కించారు.

ఎల్‌వ్యాడ్‌లలో ఒకటైన హార్ట్‌మేట్‌ 3కి అమెరికా ఎఫ్‌డీఏ 2017లో అనుమతినిచ్చింది. ఇందులోని రోటర్ దేన్నీ ఆనుకోదు; అయస్కాంత బలంతో రక్తంలోనే తేలుతూ తిరుగుతుంది. అద్భుతమైన ఆలోచన! రాపిడి లేనందున పంపులో రక్తం గడ్డకట్టడం బాగా తగ్గింది. పొట్ట చర్మంలోంచి బయటికొచ్చే సన్నని తీగ, ఒంటికి తగిలించుకునే కంట్రోలర్‌కూ బ్యాటరీలకూ కలుస్తుంది. ఆ తీగ వెంట సోకే ఇన్ఫెక్షన్ పెద్ద బెడద.

మార్పిడికి గుండె దొరికేదాకా అమర్చితే ‘బ్రిడ్జ్ టు ట్రాన్స్‌ప్లాంట్’, శాశ్వతంగా అమర్చితే ‘డెస్టినేషన్ థెరపీ’. ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోండి.