మేకపోతు వీర్యానికి గుడ్డుసొన ఎందుకు పడదు

లలితా,

నీ ఉత్తరం అందింది. "వీర్యకణాల గురించి చదవాలి సరే, అవి ఈదే నీళ్ల గురించి కూడా ఇంత చదవాలా తాతయ్యా?" అని అడిగావు. ముందు ఆ నీళ్లన్న మాట మానుకో తల్లీ. వృషణాల నుంచి వచ్చే కణాలకు సెమైనల్ వెసికిల్స్, ప్రోస్టేట్, కౌపర్ గ్రంథి కలిపే స్రావాలే వీర్యద్రవం. అందులో కణాలకు తిండి ఉంది, ఆడపశువు గర్భకోశానికి కబురు మోసే పదార్థాలూ ఉన్నాయి. ఆ తిండి ఫ్రక్టోజ్ అని 1946లో కేంబ్రిడ్జిలో థాడియస్ మాన్ తేల్చాడు. రక్తంలో తిరిగేది గ్లూకోజ్ అయితే ఇక్కడ పండ్ల చక్కెర ఉండటం నాకు ఇప్పటికీ అబ్బురమే.

కబురు మోసేవాటిలో ప్రోస్టాగ్లాండిన్లు ఒకటి. ప్రోస్టేట్ నుంచి వస్తాయనుకొని 1930లలో వాన్ ఆయిలర్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరది. పొట్టేలులో మాత్రం అవి ఎక్కువగా వెసికిల్స్ నుంచే వస్తాయి. గేదెను ఎదకు తేవడానికి మనం వేసే సూదిమందు ఆ కుటుంబానిదే. మగ పంది వీర్యంలో ఈస్ట్రోజెన్లు దండిగా ఉండి గర్భకోశాన్ని కదిలిస్తాయి. ఇక లామాలోనైతే వీర్యద్రవంలోని ఒక ప్రోటీనే అండం విడుదల చేయిస్తుంది. నరాల పెరుగుదలకు తోడ్పడుతుందని ఎప్పుడో తెలిసిన ప్రోటీనే ఇదని 2012లో బయటపడింది.

నేను నీతో తీరిగ్గా చెప్పాలనుకున్నది ఆబోతు సంగతి. దాని వీర్యద్రవంలో బీఎస్‌పీ అనే ప్రోటీన్లు మెండుగా ఉంటాయి. అవి కణం పొరకు అంటుకుని అందులోని కొలెస్టరాల్‌ను కొంత లాగేస్తాయి. ఆవు కడుపులో అది కావలసిన పనే. పొర అలా పలచబడితేనే కణానికి అండంలోకి చొచ్చుకుపోయే సత్తువ వస్తుంది. కానీ మనం ఆ వీర్యాన్ని స్ట్రాలో నింపి ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచాలనుకుంటాం. అప్పుడూ అదే ప్రోటీన్ అదే పని చేసుకుంటూ పోతే పొర ముందే బలహీనపడి కణం చస్తుంది. 1939లో ఫిలిప్స్ అనే శాస్త్రజ్ఞుడు వీర్యంలో గుడ్డు పచ్చసొన కలపడం మొదలుపెట్టాడు. అది ఎందుకు కాపాడుతుందో చాలాకాలం పూర్తిగా అంతుపట్టలేదు. సొనలోని కొవ్వు రేణువులు ఈ బీఎస్‌పీలను పట్టి బంధిస్తాయని మాంట్రియల్‌లో పుట్టస్వామి మంజునాథ్ బృందం చూపించింది.

ఆవుకీ గేదెకీ మేలు చేసిన సొన మేకకూ చేస్తుందనుకుని నేను పొరబడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మంచి మేకపోతు వీర్యం తీసి, ఆబోతుకు కలిపినట్టే 20 శాతం సొన కలిపాను. సూక్ష్మదర్శినిలో మొదట అలలు అలలుగా కదిలిన కణాలు కాసేపటికే నీరసపడి ఆగిపోయాయి. పోతుది నాసి వీర్యమని రాసి దాన్ని పక్కన పెట్టించాను. ఆ రాత ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మేకపోతు కౌపర్ గ్రంథిలో ఒక ఎంజైము ఉంది. అది సొనలోని లెసిథిన్‌ను విరిచి లైసోలెసిథిన్‌గా మారుస్తుంది, అది కణాలకు విషం. ఈ ఎంజైము సంగతి 1957లోనే రాయ్ అనే శాస్త్రజ్ఞుడు నేచర్ పత్రికలో రాశాడు. నేను చదవలేదు. సొన బదులు పాలు వాడితే గండం తప్పుతుందనుకోకు. అదే గ్రంథిలోని మరో ఎంజైము పాలకొవ్వును కూడా కణాలకు కీడు చేసే ఆమ్లంగా విరుస్తుంది. అందుకే మేకపోతు వీర్యాన్ని తీసిన వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ద్రవాన్ని వేరు చేసి, కణాలను కడుగుతారు. లేదంటే సొనను 2 శాతం దాకా తగ్గిస్తారు.

ఇంత ద్రవం తీసేస్తే చూడి నిలుస్తుందా అని నీకు సందేహం రావాలి. నిలుస్తుంది. గేదెకు వేసే పావు మిల్లీలీటరు స్ట్రాలో 2 కోట్ల కణాలుంటాయి గానీ అసలు ద్రవం అంతంతే. గొట్టంతో గర్భకోశం దాకా మనమే చేరుస్తాం కాబట్టి దాని పని కొంత మన చేతులు చేస్తున్నాయి. అందుకే ఎదను సరిగ్గా పట్టడం, స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచి కరిగించడం అంత ముఖ్యం.

వచ్చే వారం మీ ల్యాబ్‌లో మేకపోతు వీర్యం తీస్తారన్నావుగా. ఒక బొట్టు కడిగి, ఒకటి కడగకుండా, రెంటికీ సొన కలిపి వెచ్చగా ఉంచి పావుగంటకోసారి చూడు. ఏ బొట్టు ఎప్పుడు ఆగిందో టైము వేసి నాకు రాయి.

మీ పెదతాతయ్య