రుజువు చూపాల్సింది ఎవరు?

గుంటూరు జిల్లాలో ఒక సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుంటూ బతికినవాణ్ణి. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగపరిష్కారాలు, వీలునామాలు అన్నీ రాశాను. రాజకీయంగా నన్ను పాతకాలపు మనిషి అంటారు, ఔననే చెబుతాను. మా నాన్నగారిది రైతు నాయకుడు నిడుబ్రోలు రంగాగారి మాట కోసం పనులు మానుకుని వెళ్లిన తరం. సర్కారు చేతికి ఎంత తక్కువ అధికారం ఇస్తే రైతు అంత నిబ్బరంగా ఉంటాడన్న మాట ఆ ఇంట్లో విన్నాను. అదెంత నిజమో వృత్తిలో కళ్లారా చూశాను. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ రాజకీయం భూమి చుట్టూనే తిరుగుతోంది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన సర్కారు మీ హక్కుకు పూచీ పడినట్టు కాదు.

1908 నాటి చట్టం కింద నమోదయ్యేది దస్తావేజు మాత్రమే. అమ్మేవాడికి అసలు హక్కు ఉందా లేదా అన్నది తేల్చే పని సబ్‌రిజిస్ట్రారుది కాదు. స్టాంపు డ్యూటీ కట్టించుకుంటారు, వేలిముద్రలు వేయించుకుంటారు, రేపు తగాదా వస్తే కోర్టుకు పొమ్మంటారు. అందుకే మన పెద్దలు లింకు దస్తావేజులు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అడంగల్, స్వాధీనం, గట్టు పక్క రైతు సాక్ష్యం అన్నీ కలిపి చూసుకునేవారు. ఈ పద్ధతిలో లోపాలున్నాయి, కాదనను. అయితే ఆధారాలు పలుచోట్ల ఉండటం వల్ల ఏ ఒక్క ఆఫీసరూ ఒక్క సంతకంతో మనిషిని భూమి లేనివాణ్ణి చేయలేకపోయేవాడు. ఆ మేలు ఎంత పెద్దదో, దాన్ని తీసేయబోయినప్పుడుగాని జనానికి తెలియలేదు.

2. రికార్డు ఏమీ చెప్పని చోట సర్కారు ఆ భూమి తనదేనంటుంది.

చుక్కల భూముల సంగతి ఇది. బ్రిటిష్ కాలంలో రీసర్వే చేసి రాసిన ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) పుస్తకం తెరిస్తే సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, తరం, శిస్తు అని వరసగా గళ్లు ఉంటాయి. పట్టాదారు పేరుండాల్సిన గడిలో కొన్నిచోట్ల పేరుకు బదులు చుక్కలు పెట్టి ఉంటాయి. రాసిన రోజున రైతు ఊళ్లో లేకపోయి ఉండవచ్చు, శిస్తుకు భయపడి ముందుకు రాకపోయి ఉండవచ్చు, రాసేవాడికి వివరం అందకపోయి ఉండవచ్చు. ఆ తర్వాత తరతరాలుగా ఆ భూముల్ని దున్నారు, శిస్తు కట్టి రసీదులు తీసుకున్నారు, అమ్ముకున్నారు, కొనుక్కున్నారు. వాటి రిజిస్ట్రేషన్లు మా కళ్లముందే అయ్యాయి. అలాంటి భూముల్ని ఒకరోజున ప్రభుత్వ భూములని చెప్పి, రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలో చేర్చారు.

2017లో ఒక ప్రభుత్వం దీనికోసం ప్రత్యేక చట్టం చేసింది. 2023లో ఇంకో ప్రభుత్వం రెండు లక్షల ఎకరాలకు పైగా ఆ జాబితాలోంచి తీసేసింది. రెండు పనులూ మంచివే, చేసినవారికి నమస్కారం. కానీ ఖాళీ గడి సర్కారుదే అవుతుందని మొదట ఎవరు నిర్ణయించారు? శిస్తు వసూలు చేసినంత కాలం అది రైతు భూమి అని వాళ్లకు తెలుసు కదా.

3. జాబితాలో ఎక్కించేవాడికి ఒక కాగితం చాలు, తీయించుకునేవాడికి ఒక జీవితం పట్టవచ్చు.

ఆ నిషేధిత జాబితాకు ఆధారం రిజిస్ట్రేషన్ చట్టంలో మన ఉమ్మడి రాష్ట్రం 2007లో చేర్చిన 22ఎ సెక్షన్. దాని ఉద్దేశం సరైనదే. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగు మిగులు భూములను దొంగ అమ్మకాల నుంచి కాపాడాలి. అమలు మాత్రం మనుషుల్ని నలిపేసింది. కూతురి పెళ్లికని ఎకరం అమ్ముకోవడానికి వచ్చిన ఒక తల్లి నాకు ఇప్పటికీ గుర్తు. భర్త లేడు. బయానా తీసుకుంది, పెళ్లివారికి మాటిచ్చింది. గుడ్డ సంచిలో మామగారి నాటి దస్తావేజు, మడతల దగ్గర చిరిగిపోతే వెనక అన్నం మెతుకులతో కాగితం అంటించి ఉంది. దారానికి గుచ్చిన శిస్తు రసీదులు, పాసు పుస్తకం కూడా తెచ్చింది. కంప్యూటర్‌లో సర్వే నంబరు కొడితే నిషేధిత భూమి అని వచ్చింది.

కారణం ఏమిటంటే, ఆ నంబరులో ఒక సబ్‌డివిజన్ పోరంబోకు. జాబితా పంపినవారు సబ్‌డివిజన్ వేయకుండా నంబరు మొత్తం పంపేశారు. తప్పు ఆఫీసుది. అర్జీ పెట్టుకోవాల్సింది, సర్వేయరు వెంట తిరగాల్సింది, తహసీల్దారు నివేదిక, ఆర్డీవో సంతకం, కలెక్టరేట్ ఫైలు అంటూ కాళ్లరిగేలా నడవాల్సింది ఆమె. కొనేవాడు ఆగలేక బయానా వెనక్కి అడిగాడు. ముందుగా ఆమెకు నోటీసు ఇచ్చినవాడు లేడు. మీ భూమి మాదని చెప్పేవాడు ఆ మాట రుజువు చేయాలి. నాగరికమైన ఏ న్యాయమైనా ఇలాగే ఉంటుంది. మన రెవెన్యూ పాలనలో ఇది తలకిందులైంది. నేను సర్కారు మితిమీరిందని అనేది ముఖ్యంగా దీన్నే. పన్నుల మాటా పథకాల మాటా ఆ తర్వాతే.

4. కోర్టు తలుపు మూసే చట్టాన్ని ఎవరు తెచ్చినా ఒప్పుకోకూడదు.

ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం, అందరూ ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ అన్నది, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. హక్కుకు ప్రభుత్వమే పూచీ ఇవ్వాలన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో టోరెన్స్ పద్ధతి అలాగే మొదలైంది. అక్కడ రిజిస్టరులో పొరపాటు వల్ల మనిషి నష్టపోతే పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా పద్ధతిలో భాగం. మన చట్టంలో నన్ను భయపెట్టింది వేరే. టైటిల్ రిజిస్టరింగ్ ఆఫీసరు పేరెక్కించేవాడు, రెండేళ్లలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయమయ్యేది. తగాదా వస్తే సివిల్ కోర్టుకు పోవడానికి వీలుండేది కాదు. అప్పిలేట్ ఆఫీసరు దగ్గరకు, ఆపైన హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. హైదరాబాద్‌లో కూలి చేసుకునేవాడు, గల్ఫ్‌లో ఉన్నవాడు, అమెరికాలో ఉన్న మన పిల్లలు ఊళ్లో ఎవరి పేరు ఎక్కిందో రెండేళ్లలో ఎలా తెలుసుకుంటారు? మునసబు కోర్టులో చిన్న వకీలును పెట్టుకుని దావా వేసుకోగలిగిన రైతు హైకోర్టు మెట్లు ఎక్కగలడా?

న్యాయవాదులు విధులు బహిష్కరించి రోడ్డెక్కారు. 2024 ఎన్నికల్లో ఇదే పెద్ద మాటయింది. కొత్త ప్రభుత్వం వచ్చిన వెంటనే రద్దుకు సంతకం పెట్టింది, జులైలో శాసనసభ రద్దు బిల్లు ఆమోదించింది. సంతోషించాను. అయితే ఆ చట్టానికి మూలమైన నమూనా ఢిల్లీలో నీతి ఆయోగ్ తయారుచేసింది. అంటే కేంద్రంలో నేను ఓటేసే వైపు నుంచే వచ్చింది. మనవాళ్లు తెచ్చారని ఊరుకుంటే మనకు సిద్ధాంతం లేనట్టే.

5. పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండకూడదు.

మా తాత కొన్న పొలానికి నిన్న గెలిచినవారి ఫొటో ఎందుకు వేసినట్టు? రాజముద్ర చాలు. రీసర్వే హద్దురాయి మీద పథకం పేరు చెక్కించడమూ అంతే. రైతు తన హక్కును ఎవరో దయతలచి ఇచ్చినట్టు చూసుకునే అలవాటు ఇక్కడే మొదలవుతుంది.

6. కంప్యూటరు నుంచి ఒక గడి తీసేస్తే పొలం మీదున్న మనిషి కనిపించకుండా పోతాడు.

తెలంగాణలో 2020 అక్టోబరులో భూరికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. రిజిస్ట్రేషనూ మ్యుటేషనూ ఒకే పూటలో అయిపోవడం మెచ్చుకోవలసిన మార్పే. కానీ పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది, దాన్ని ఎత్తేశారు. తప్పు పడితే దిద్దే అధికారం తహసీల్దారుకు లేకుండా పోయింది, రెవెన్యూ కోర్టులు రద్దయ్యాయి. పేరులో ఒక అక్షరం తప్పుపడ్డా, విస్తీర్ణంలో గుంటలు తగ్గినా రైతు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాడు. వివాదాలున్నాయని పార్ట్-బిలో పెట్టిన భూములవాళ్ల గోస చెప్పనలవి కాదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అప్పీలు దారి మళ్లీ తెరిచింది. మంచిదే. ఒక ప్రభుత్వం మూసిన దాన్ని మరొకటి తెరిచేదాకా నాలుగున్నరేళ్లు గడిచిపోయాయి, ఆ కాలాన్ని రైతుకు ఎవరు తిరిగిస్తారు?

7. హక్కును తీసేసేవాళ్లు మనకు ఇష్టమైనవాళ్లే కావచ్చు.

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసినప్పుడు రంగాగారు ఎదురుతిరిగారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి దానికి అధ్యక్షులయ్యారు. రైతు గట్టు చెరిపేయడానికి వీల్లేదన్నదే వారి పోరాటం. తమ పార్టీనే వదులుకోవాల్సి వచ్చినా సరేనని వారు ఆ మాట అన్నారు. ఎమర్జెన్సీని ఓడించి వచ్చిన జనతా ప్రభుత్వం మీద మా ఇంట్లో అందరికీ ఎంతో ఆశ. ఆ ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300ఎ అధికరణానికి దించింది. అదే సవరణలో ఎమర్జెన్సీకి పగ్గాలు వేసింది, ఆ మేలు మరువలేను. కానీ ఆస్తి విషయంలో చేసింది అన్యాయమే. చట్టప్రకారం తీసుకోవచ్చు అంటే చట్టం చేసేవాడి ఇష్టం అయిపోతుంది.

2020లో సుప్రీంకోర్టు, పౌరుడి భూమిలో ఏళ్ల తరబడి ఉన్నామని చెప్పి ప్రభుత్వం దాన్ని తనది చేసుకోవడానికి వీల్లేదంది. 2024 నవంబరులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రైవేటు ఆస్తి ప్రతిదీ సమాజపు వనరు కాదని మెజారిటీతో తేల్చింది. ఆ తీర్పు చదివిన రోజు మా నాన్నగారు ఉంటే బాగుండుననిపించింది.

8. కూల్చేవాడు ఆదివారం వస్తే అనుమానించండి.

చెరువు పూడ్చినవాణ్ణి నేను వెనకేసుకు రాను. హైదరాబాద్ చెరువులు మిగలాలి. కానీ రిజిస్ట్రేషన్ చేసింది సర్కారే, ఇంటికి అనుమతి ఇచ్చింది సర్కారే, ఇంటి పన్ను కట్టించుకుంది సర్కారే. తర్వాత అది చెరువు నీటి హద్దు (ఎఫ్‌టీఎల్) లోపల ఉందని చెప్పి, ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ యంత్రాలు తెల్లవారుతూనే దిగితే ఆ కుటుంబం ఎవరిని నమ్మాలి? 2024 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, కోర్టులకు సెలవున్న రోజున కూల్చివేతలేమిటని అధికారులను నిలదీసింది. నవంబరులో సుప్రీంకోర్టు, రోడ్లు, నీటివనరుల వంటి చోట్ల అక్రమ కట్టడాలను మినహాయించి, కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని దేశమంతటికీ చెప్పింది. అనుమతి ఇచ్చిన అధికారి మీద ముందు కేసు పెట్టి, తర్వాత ఇంటి దగ్గరకు వస్తే ఆ ప్రభుత్వాన్ని నేనూ నమ్ముతాను.

9. మీరు చేయవలసినవి.

ఆంధ్రాలో రీసర్వే ఇంకా నడుస్తోంది. మీ ఊరి గ్రామసభకు మీరు వెళ్లలేకపోతే మనిషిని పంపండి. సర్వే చట్టం కింద 9(2) నోటీసు అందితే సంతకం పెట్టేముందు విస్తీర్ణం పాత ఎఫ్‌ఎంబీతో (పొలం కొలతల పుస్తకం) పోల్చి చూడండి. తేడా ఉంటే అప్పీలుకు గడువు దాటనివ్వకండి. కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఎదురుగా పాత సర్వే నంబరు, సబ్‌డివిజన్ రాసుకుని దస్తావేజుతోపాటు దాచుకోండి. అన్నదమ్ములందరినీ ఒకే జాయింట్ ఎల్‌పీఎంలో కలిపేస్తే విడగొట్టమని అర్జీ ఇచ్చి, ఇచ్చిన తేదీతో రసీదు తీసుకోండి. ఏటా ఒకసారి ఈసీ తీయండి, 22ఎ జాబితాలో మీ నంబరు చూసుకోండి. శిస్తు రసీదులు పనికిరానివని ఇంట్లో పిల్లలు పారేయబోతే ఆపండి. చుక్కల భూముల కేసుల్లో రైతును నిలబెట్టినవి అవే.