గదిలో సైకిల్ సాధన: ప్రణాళిక మేలా? ఇష్టానుసారం మేలా?



వానలు పడుతున్నప్పుడు, గ్రౌండ్ బురదగా ఉన్నప్పుడు పందేనికి సిద్ధమయ్యే వారికి జిమ్‌లోని వ్యాయామ సైకిల్ మంచి ఆధారం. దాన్ని పట్టిక ప్రకారం తొక్కాలా? మనసుకు తోచినట్టు తొక్కాలా?

తోచినట్టు సాధన చేయడం తక్కువేమీ కాదు. 1930లలో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మేర్ ‘ఫార్ట్‌లెక్’ పద్ధతిని రూపొందించాడు. ఆ మాటకు ‘వేగంతో ఆట’ అని అర్థం. పరుగెత్తేవాడు తనకు తోచినప్పుడు వేగం పెంచుతాడు, తగ్గిస్తాడు. అయితే బయట ఎత్తుపల్లాలు, ఎదురుగాలి, పక్కన పోటీదారు మన వేగాన్ని మారుస్తూ ఉంటాయి. గదిలో అవేవీ ఉండవు. అందుకే అక్కడ తోచినట్టు తొక్కితే చాలామంది ఒకే మధ్యరకం వేగంలో స్థిరపడిపోతారు. చెమట పడుతుంది గాని వేగం పెరగదు.

1996లో జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం ఒక పరిశోధన ప్రచురించింది. సైకిల్ యంత్రంపై 6 వారాలు, వారానికి 5 రోజులు సాధన. ఒక జట్టు 60 నిమిషాలు మధ్యరకం శ్రమతో తొక్కింది. రెండో జట్టు ముఖ్యంగా 20 సెకన్లు తీవ్రంగా తొక్కి, 10 సెకన్లు ఆగి, అలా 7, 8 సార్లు చేసింది. ప్రాణవాయువును వినియోగించుకునే శక్తి రెండు జట్లకూ పెరిగింది. కానీ చివరి దౌడుకు కావలసిన శక్తి రెండో జట్టుకే, 28 శాతం పెరిగింది. ఏ శ్రమకు ఆ ఫలమే. కాబట్టి ఏ శక్తి కావాలో ముందే నిర్ణయించుకోవాలి. ప్రణాళిక అంటే అదే.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు 3, 4 వారాలు తేలికగానే తొక్కాలి. తరువాత ఇలా చేయవచ్చు:

1. సోమవారం: 30 నిమిషాలు, పక్కవారితో మాట్లాడగలిగేంత తేలికగా.
2. బుధవారం: 10 నిమిషాలు తేలికగా, తరువాత 4 నిమిషాల చొప్పున 4 సార్లు గట్టిగా, మధ్యలో 3 నిమిషాలు నెమ్మదిగా, చివర 5 నిమిషాలు తేలికగా.
3. శుక్రవారం: 40 నిమిషాలు తేలికగా.
4. ఆదివారం: మీ ఇష్టం! పాట పెట్టుకోండి, పందెం వేసుకోండి.

పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు సరిచేసుకోవాలి. గదిలో గాలి తగలదు కనుక ఫ్యాను, మంచినీళ్లు తప్పనిసరి. ఛాతీలో నొప్పి గాని, కళ్లు తిరగడం గాని ఉంటే వెంటనే ఆపి డాక్టరును కలవాలి.

కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. తెలంగాణలో 2022 నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాల్సి వచ్చింది. సైకిల్ గుండెకు, ఊపిరితిత్తులకు బలమిస్తుంది గాని కాళ్లకు పరుగు నేర్పదు. వారానికి రెండు మూడు రోజులైనా నేలమీద పరుగెత్తాల్సిందే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేనే. ఏది ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో చెప్పేవారు లేని ఇళ్ల నుంచే మనలో చాలామందిమి వచ్చాం. కోచ్‌ను పెట్టుకునే స్తోమత మనకు లేదు. కానీ ఒక గడియారం, ఒక నోటుబుక్కు ఉన్నాయి. ఈరోజు ఏం చేశామో రాసుకుంటే రేపు ఏం చేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

మీ అందరికీ విజయం కలగాలని కోరుకుంటున్నాను.