దూరపు వైర్‌లెస్ లింకు – దాని సంరక్షణ

మా ఎనుమాముల మార్కెట్ యార్డుకు పత్తి, మిర్చి తెచ్చే రైతుకు పూర్వం కావలసినవి మూడు: బండి, సరైన కాటా, మంచి ధర. 2016 ఏప్రిల్ 14న దేశంలో ఈ-నామ్ ఆరంభమైన తరువాత నాలుగవది చేరింది – తెగని ఇంటర్నెట్. ఆన్‌లైన్ వేలంలో "లైన్ లేదు" అంటే రైతు బస్తాల మీద కూర్చోవలసిందే. సేద్యపు ఇంట పుట్టిన సైన్సు విద్యార్థిగా అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

తీగ పోని ఊరికి రెండు టవర్ల మీద ఎదురెదురుగా డిష్‌లు బిగించి ఇంటర్నెట్ పంపవచ్చు. పశ్చిమ గోదావరి పల్లెల్లో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో ఇలాంటి లింకులే వేసింది.

ఒక డిష్‌కు మరొకటి కనబడితే చాలదా? చాలదు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. నూలు చుట్టిన కదురులా నడుమ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్ మీద 10 కిలోమీటర్ల లింకుకు నడుమ దాని వ్యాసార్ధం సుమారు 11 మీటర్లు. అందులో 60 శాతం, అంటే దాదాపు 7 మీటర్లు, అడ్డు లేకుండా ఉండాలి. భూమి వంపుకు ఇంకో ఒకటిన్నర మీటరు కలపాలి. ఇవాళ అన్నీ సరిపోయినా, దారిలో ఎవరైనా జామాయిల్ తోట వేస్తే కొన్నేళ్లకే లింకు కుంటుపడుతుంది.

మామూలు వైఫై ఇంటి కొలతకు చేసినది. 10 కిలోమీటర్లు పోయి రావడానికి తరంగానికి 67 మైక్రోసెకన్లు పడుతుంది. పరికరంలో దూరం సరిగా పెట్టకపోతే, జవాబు వచ్చేలోపే అది "పోయింది" అనుకుని పంపిందే మళ్లీ పంపుతుంది.

లింకు తెగితే మనం వాననే తిడతాం. కానీ ఈ ఫ్రీక్వెన్సీలో వాన వల్ల నష్టం స్వల్పమే. ముందు కనెక్టర్‌లోకి నీరు దిగిందేమో చూడాలి. జాయింటుకు టేపు గట్టిగా చుట్టి, కేబుల్‌ను కిందికి వంచి పైకి తిప్పితే నీరు అక్కడే జారిపోతుంది. పిడుగుకు ఎర్తింగ్ తప్పనిసరి.

అసలు శత్రువు కరెంటు! తమిళనాడులోని తేని ప్రాంతంలో అరవింద్ కంటి ఆసుపత్రి వైర్‌లెస్ లింకులను నడిపిన బర్క్లీ పరిశోధకులు 2008లో తేల్చినదిదే: చెడ్డ కరెంటే పరికరాల పాలిట పెద్ద గండం. మన బావి మోటారును కాల్చే వోల్టేజీయే టవర్ మీది రేడియోనూ చెడగొడుతుంది. బ్యాటరీ, స్టెబిలైజర్ లేని లింకు గట్టు లేని మడి.

వారు నేర్పిన మరో పాఠం: ఊరిలోనే ఒక మనిషికి తర్ఫీదు ఇవ్వాలి. పట్నం నుంచి మెకానిక్ వచ్చేవరకు వేలం ఆగదు కదా! రోజూ సిగ్నల్, వోల్టేజీ నోటుబుక్కులో రాసిపెడితే లింకు తెగకముందే జబ్బు తెలుస్తుంది. మిత్రులారా, సెలవులకు ఊరెళ్లే సైన్సు విద్యార్థి ఎవరైనా ఈ పని నేర్పవచ్చు. మనం చదివిన భౌతికశాస్త్రం అందుకు చాలు.