గట్టుమీది కుటుంబములకు ఇంటి స్థలము: పంచాయతీ ముందుగా చేయవలసిన పని

1977 నవంబరు 19నాటి తుపానును రేపల్లె, బాపట్ల ప్రాంతముల పెద్దలు నేటికిని మరువలేదు. ఉప్పెన దివిసీమను ముంచెత్తినది. కృష్ణకు ఈవలి తీరగ్రామములును దెబ్బతిన్నవి. సుమారు 10,000 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. 1990 మే 9న మరియొక ప్రచండమైన తుపాను కృష్ణా ముఖద్వారము చెంత తీరము దాటినను, జనులను ముందుగా తరలించుటచే మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది.

ప్రాణములు కాపాడుట మనము నేర్చితిమి. ఆపై సంగతి యేమి? తుపాను రక్షణ భవనము కొన్ని రాత్రులకు పనికివచ్చును గాని కాపురమునకు కాదు. పాఠశాలలో తలదాచుకొన్న కుటుంబము, బడి తెరువగానే, పాతచోటికే పోయి మరల తాటాకుల పాక వేసికొనును.

గోడలు లేచుటకు కొన్ని మాసములు చాలును. సంవత్సరములు గడచునది స్థలము కొరకు. తెనాలి మొదలు సముద్రము దాక ఇది కాలువల సీమ. గట్లపైన, మురుగుకాలువల వెంబడి గుడిసెలలో నివసించు యానాదులు, కూలి కుటుంబములు మనకు తెలియనివారు కారు. గట్టు పోరంబోకునకు పట్టా రాదు; పట్టా లేనిదే ఇల్లు మంజూరు కాదు. వారిని ఆక్రమణదారులని విసుగుకొను సభ్యులు లేకపోలేదు. వేరొక చోటు చూపనిది మనమే కదా!

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగము 2016లో ఆరంభమైనది. దాని నిబంధనల ప్రకారము నిలువనీడ లేనివారు మొదటి వరుసలోనివారు. ప్రాధాన్యక్రమమును ఆమోదించునది గ్రామసభ. స్థలము లేనివారికి స్థలము సమకూర్చుట రాష్ట్ర ప్రభుత్వపు బాధ్యత. కనుక సభ్యులు తుపానుల కాలమునకు ముందే గట్టు వెంబడి నడచి, ప్రతి గుడిసెలోని వారి పేర్లు వ్రాసికొనవలెను. ఆధారు, రేషను కార్డుల నకళ్లు పంచాయతీ కార్యాలయమున భద్రపరుపవలెను. మెరక భూమి యే సర్వే నంబరులో నున్నదో గ్రామ రెవెన్యూ అధికారితో కలిసి చూచి, తీర్మానము చేసి, తహసీలుదారునకు పంపవలెను.

స్థలము చవుకగా దొరకెనని ఊరికి దూరముగా ఎంచుట పొరపాటు. చేపలు పట్టువాడు నీటికి, కూలివాడు పనికి దగ్గరగా ఉండవలెను. లేనిచో కొత్తయింటికి తాళమువేసి గట్టుకే తిరిగివచ్చును.

ఫిన్లాండు దేశమున 2008 నుండి నిరాశ్రయులకు మొదటనే స్థిరమైన ఇల్లిచ్చి, తక్కిన సహాయము పిమ్మట అందించుచున్నారు. అచ్చట నిరాశ్రయుల సంఖ్య బాగుగా తగ్గినది. అది చలిదేశము, ధనికదేశము, నిజమే. అయినను పాక, రేకుల షెడ్డు, ఆపై ఇల్లు అని మెట్టుమెట్టుగా త్రిప్పుట మనకు మాత్రము ఏల?

ఒక చిక్కు కలదు. 2022 ఏప్రిల్ 4 నుండి రేపల్లె, బాపట్ల ప్రాంతములు బాపట్ల జిల్లాలోనివి. తెనాలి గుంటూరు జిల్లాలోనే యున్నది. సరిహద్దు గ్రామములలో గుడిసె ఒక జిల్లాలోను, మెరక భూమి మరియొక జిల్లాలోను ఉండవచ్చును. అట్టిచోట ఇరు పంచాయతీలును ముందే మాటాడుకొని, తీర్మానపు ప్రతులను ఇరువురు తహసీలుదారులకును పంపవలెను.