మారథాన్‌లో మీ వాచ్ 42.8 కి.మీ. ఎందుకు చూపిస్తుంది? ఏ నంబర్ నమ్మాలి?

ఫుల్ మారథాన్ ఫినిష్ లైన్ దాటగానే చాలామంది చేసే మొదటి పని వాచ్ ఆపి చూసుకోవడం. డౌట్ అక్కడే మొదలవుతుంది. మారథాన్ అంటే 42.195 కి.మీ. కదా, వాచ్‌లో 42.6, 42.8 ఎందుకు కనిపిస్తోంది? వాచ్ పాడైందా, రూట్ తప్పుగా కొలిచారా? చాలాసార్లు ఈ రెండూ కాదు. అసలు కారణం ఏంటో, దాన్ని రేసులో ఎలా వాడుకోవాలో చూద్దాం.

ఈ లెక్క నేను మా మామ కోసం వేశాను. ఆయనది మా ఊరు వేములే, ఉద్యోగం హైదరాబాద్‌లో. వయసు 46. ప్రైజుల కోసం పరిగెత్తే మనిషి కాదు, ఇష్టం కొద్దీ 11 మారథాన్లు పూర్తి చేశాడు. నలభై దాటాక కూడా ఒక్కసారి 5 గంటల లోపు రావాలన్నది ఆయన కోరిక. పదకొండో రేసులో వాచ్ చెప్పిన పేస్ తప్పకుండా పట్టుకున్నాడు, అయినా 5 గంటల 4 నిమిషాలు పట్టింది. "ఏం అబ్బీ, గడియారం ఒకటి చెప్తాది, ఫినిష్ లైను ఇంకోటి చెప్తాది. ఏది నమ్మల్ల?" అని అడిగాడు.

ఆ అదనపు దూరం ఎక్కడిది?

సర్టిఫైడ్ రూట్‌ను సైకిల్ చక్రానికి బిగించిన కౌంటర్‌తో, పరిగెత్తడానికి వీలున్న అతి దగ్గరి దారిలో కొలుస్తారు. దూరం తగ్గకూడదని కిలోమీటరుకు 1 మీటర్ ఎక్కువే కలుపుతారు. మనం మాత్రం ఆ గీత మీదే పరిగెత్తం. నీళ్ల కోసం పక్కకు వెళ్తాం, జనాన్ని తప్పించుకుంటాం, మలుపుల్లో బయటివైపు తిరుగుతాం.

రెండో కారణం జీపీఎస్. వాచ్ మనం నడిచిన గీతను కొలవదు. కొద్ది కొద్ది సేపటికి ఒక పాయింట్ గుర్తించి, వాటిని కలుపుతుంది. ఎత్తయిన బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి ఆలస్యంగా వస్తుంది, పాయింట్లు అటూ ఇటూ జరుగుతాయి. వేముల-పులివెందుల రోడ్డు లాంటి చోట ఆకాశం అంతా ఓపెన్, అందుకే పండక్కి వచ్చి మామ పరిగెత్తినప్పుడు కిలోమీటరు రాళ్లకూ వాచ్‌కూ పెద్ద తేడా రాదు. అదే వాచ్ గచ్చిబౌలి వైపు తడబడుతుంది. ఎల్1, ఎల్5 రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టే డ్యూయల్ బ్యాండ్ వాచ్‌లో ఈ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. బ్యాటరీ కూడా ఎక్కువ తింటుంది.

5 గంటల లెక్క

300 నిమిషాలను 42.195తో భాగిస్తే కిలోమీటరుకు 7:07 వస్తుంది. మామ పట్టుకున్నది ఇదే. కానీ ఆయన వాచ్ ప్రకారం పరిగెత్తింది 42.8 కి.మీ. ఆ దూరానికి 7:07 చొప్పున లెక్కేస్తే 5 గంటల 4 నిమిషాలు దాటుతుంది. 5 గంటల్లో రావాలంటే వాచ్‌లో 7:01 కనిపించాలి. కిలోమీటరుకు 6 సెకన్లే, చివరికి 4 నిమిషాలు!

పన్నెండో రేసుకు మూడు సెట్టింగ్స్ మార్చాం:

1. ఆటో ల్యాప్ ఆఫ్. రోడ్డు పక్కన కిలోమీటర్ బోర్డు దాటినప్పుడల్లా ల్యాప్ బటన్ తనే నొక్కాలి.
2. ఆటో పాజ్ ఆఫ్. నీళ్ల దగ్గర ఆగితే వాచ్ ఆగుతుంది, రేసు టైమ్ ఆగదు.
3. స్క్రీన్ మీద మొత్తం టైమ్, ల్యాప్ టైమ్ మాత్రమే.

చిప్ టైమ్ అంటే బిబ్‌లోని చిప్ స్టార్ట్ మ్యాట్ నుంచి ఫినిష్ మ్యాట్ దాకా తీసుకున్న టైమ్. మన పరుగుకు నమ్మాల్సిన నంబర్ ఇదే.

గుండె వేగం సంగతి

మణికట్టు సెన్సర్ ఆకుపచ్చ లైట్‌తో రక్తప్రవాహంలో మార్పును చూస్తుంది. స్ట్రాప్ వదులుగా ఉంటే కొన్నిసార్లు అడుగుల లయనే గుండె లయ అనుకుంటుంది. హాయిగా మాట్లాడుతూ పరిగెడుతుంటే 170 చూపిస్తే, ముందు స్ట్రాప్ బిగించి చూడండి. ఛాతీకి కట్టే బెల్ట్ మామూలుగా ఇంకా నమ్మకమైనది. 220 లోంచి వయసు తీసేసే లెక్క (46కి 174) ఒక సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే వాచ్ ఏం చెప్పినా ఆగిపోవాలి.

పాత రేసులను దాచుకోండి

మామ 12 రేసులు మూడు వాచ్‌లలో, రెండు యాప్‌లలో ఉన్నాయి. అకౌంట్ పోతే అన్నీ పోతాయి. అందుకే ఫిట్ లేదా జీపీఎక్స్ ఫైల్స్ డౌన్‌లోడ్ చేసి, అన్నిటినీ ఒక షీట్‌లో పెట్టాను: రేసు, చిప్ టైమ్, మొదటి సగం, రెండో సగం. వాచ్ మారినా ఇవి పోల్చుకోవచ్చు.

38 ఏళ్లప్పుడు పరిగెత్తిన ఐదో రేసు 4:52 (2:10, 2:42). మొన్నటి పన్నెండోది 4:57 (2:27, 2:30). 5 నిమిషాలు స్లో అయ్యావు మామా అన్నాను. ఆయన రెండో సగం కాలమ్ మీద వేలు పెట్టి, "ఐదో దాంట్లో చివర పది కిలోమీటర్లు నడిచినా అబ్బీ. ఇది మొత్తం పరిగెత్తినా" అన్నాడు. ఆ ఆనందం వాచ్ ఇచ్చే ఏ స్కోరులోనూ కనిపించలేదు, షీట్‌లో కనిపించింది.

కాబట్టి మారథాన్ కోసం వాచ్ కొనేవాళ్లు ఇవి చూడండి: చేతికి తెలిసేలా నొక్కగలిగే ల్యాప్ బటన్, జీపీఎస్ ఆన్‌లో ఉండగా కనీసం 6-7 గంటల బ్యాటరీ, డేటా బయటికి తీసుకునే ఆప్షన్. డ్యూయల్ బ్యాండ్ బడ్జెట్‌ను బట్టి. రేసు ముందు రోజు ఛార్జ్ పెట్టడం మర్చిపోకండి.