ఏ ఊళ్లో, ఏ పనికి, ఎందరు?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పాసై ఏడాదిన్నర అయింది. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ వస్తోంది కదా, అందులోనే చేరతానని ఇంట్లో కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారిదీ అదే మాట. ఆగమంటారా?
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: ఆగొద్దమ్మా. ఒక్క నెల కూడా ఆగొద్దు. పేపర్లో కోట్లు చూసి ఇంట్లో కూర్చునే పిల్లలు జిల్లా జిల్లాలోనూ ఉన్నారు. అందుకే మీ ఉత్తరానికి కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. విశాఖకు అది మేలే. అయితే డేటా సెంటర్‌లో పెట్టే డబ్బు చాలావరకు సర్వర్లకూ, కరెంటు ఏర్పాట్లకూ, వాటిని చల్లబరిచే యంత్రాలకూ పోతుంది. కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది. కట్టడం పూర్తయ్యాక దాన్ని నడపడానికి కావలసిన మనుషులు తక్కువ. మీ పక్కనే అచ్యుతాపురంలో బ్రాండిక్స్ ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వేలమంది ఆడపిల్లలు బస్సుల్లో వచ్చి అక్కడ కుట్టుపని చేస్తారు. దాని పెట్టుబడి ఈ డేటా సెంటర్ ముందు ఏపాటిది? కోట్లు పెరిగినంత మాత్రాన కొలువులు పెరగవు.

సింగరేణిని చూడండి. 1990ల మొదట్లో అక్కడ లక్ష మందికి పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు సుమారు నలభై వేలు. బొగ్గు తగ్గిందా అంటే, మూడు రెట్లకు మించి పెరిగింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌లు వచ్చాయి, తట్టా పారల చోట భారీ యంత్రాలు వచ్చాయి. కంపెనీ ఎదిగింది, కొలువులు మూడో వంతుకు పడ్డాయి. కొత్తగూడెంలోనో మందమర్రిలోనో ఏ ఇంట్లో అడిగినా ఈ సంగతి చెబుతారు.

ఇంకో మాట. అమెరికాలో కార్మిక గణాంకాల సంస్థ ఒక్కో వృత్తికీ రాబోయే పదేళ్ల అంచనా ప్రచురిస్తుంది. అందులో కొత్తగా పుట్టే ఉద్యోగాలు ఒక లెక్క. ఉన్నవాళ్లు రిటైరై, వేరే పనికి మారి ఖాళీ చేసేవి మరో లెక్క. మొత్తం మీద ఎప్పుడూ ఈ రెండోదే చాలా పెద్దది, అంటే పని ఎక్కువగా దొరికేది ఇప్పటికే ఉన్న సంస్థల్లోనే. మనకు శ్రామిక సర్వే ఉంది. ఎందరు పని చేస్తున్నారో, ఎందరు ఖాళీగా ఉన్నారో చెబుతుంది. అనకాపల్లి జిల్లాలో వచ్చే ఐదేళ్లలో ఎందరు ఎలక్ట్రీషియన్లు కావాలో చెప్పే పుస్తకం మాత్రం మనకు లేదు. ప్రభుత్వాలు పెట్టుబడుల పట్టికతో పాటు ఈ పట్టిక కూడా వేయాలని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. వేసేదాకా అడుగుతూనే ఉంటాను.

అంతవరకు మీవాడు చేయాల్సింది ఇది. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో ప్రతి కంపెనీకీ యుటిలిటీస్ విభాగం ఉంటుంది. చిల్లర్లు, బాయిలర్లు, డీజిల్ జనరేటర్లు, హెచ్.టి. ప్యానెళ్లు అన్నీ వాళ్ల చేతిలోనే. రేపు డేటా సెంటర్ వాళ్లకు, వాళ్ల కాంట్రాక్టర్లకు కావలసిందీ ఈ పని తెలిసినవాళ్లే. అప్పుడు వాళ్లు అడిగేది అనుభవం. కనుక ఇప్పుడే అప్రెంటిస్‌గా చేరమనండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. డిప్లొమా వాళ్ల వ్యవహారం చెన్నైలోని దక్షిణాది అప్రెంటిస్ శిక్షణ బోర్డు చూస్తుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు, ఆ సంగతి తెలిసే చేరాలి. చేరేముందు భద్రతా శిక్షణ ఇస్తారా అని తప్పక అడగమనండి. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు.

ప్రశ్న: ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి కార్డు రెన్యువల్ చేయించాలా?
– నిరుద్యోగి, ఏలూరు

జవాబు: చేయించండి, కానీ పిలుపు వస్తుందని ఎదురుచూడకండి.

ప్రశ్న: బీకాం చదివాను. ఐదేళ్లుగా హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నాను. 29 నిండాయి. ఇంటి నుంచి నాన్న డబ్బు పంపుతుంటే సిగ్గుగా ఉంది. వదిలేస్తే ఇన్నేళ్లూ వృథా అవుతాయేమో.
– నల్గొండ జిల్లా

జవాబు: బాబూ, ముందు ఆ సిగ్గు వదిలేయి. తప్పు నీలో లేదు, లెక్కలో ఉంది. పక్క రాష్ట్రం సంగతే చూడు, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 టీచర్ పోస్టులకు వచ్చింది. అంత పెద్ద నోటిఫికేషన్ రావడమే అరుదు. దానికీ మూడు లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఇక గ్రూప్స్ సంగతి నీకు చెప్పనక్కర్లేదు. రాయొద్దని అనను. పని చేస్తూ రాయి. బీకాం వాడివి, హైదరాబాద్‌లోనే ఉన్నావు. టాలీ, జీఎస్టీ రిటర్నులు, పీఎఫ్ చలాన్లు రెండు నెలల్లో నేర్చుకోవచ్చు. రాణీగంజ్, బేగంబజార్ దుకాణాల్లో, ఆడిటర్ల ఆఫీసుల్లో లెక్కలు రాసేవాళ్ల అవసరం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ మొదట ఇచ్చే జీతం తక్కువే. అయినా ఈ నెలే చేరు. చదివిన పాలిటీ, ఎకానమీ ఎక్కడికీ పోవు, ఉదయం రెండు గంటలు వాటికి ఉంచుకో. నాన్నకు ఫోన్ చేసి ఈ నెల నుంచి డబ్బు పంపొద్దని నువ్వే చెప్పు. కొడుకు ఓడిపోయాడని ఆయన అనుకోరు.

ప్రశ్న: మావాడు దుబాయ్ పోతనంటుండు. ఏజెంటు లక్షన్నర అడుగుతుండు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తనంటుండు.
– జగిత్యాల

జవాబు: పంపకండి. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు ఛార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు, అదీ రసీదు ఇచ్చి. విజిట్ వీసా మీద పోయినవాడు అక్కడ కష్టం వస్తే ఏ కాగితం పట్టుకుని ఎంబసీకి వెళ్తాడు? ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు రాయించండి. పోవాలనే ఉంటే ఏసీ మెకానిక్ పనో, ప్లంబింగో నేర్చుకుని పొమ్మనండి. హెల్పర్‌గా పోయినవాడికీ, పని వచ్చి పోయినవాడికీ జీతంలో తేడా ఊళ్లోకి తిరిగొచ్చినవాళ్లను అడిగితే చెబుతారు.

ప్రశ్న: కృత్రిమ మేధ వచ్చాక కంప్యూటర్ సైన్స్‌లో చేర్చవచ్చా?
– గుంటూరు

జవాబు: కోర్సు పేరు చూడకండి, కిందటి బ్యాచ్‌లో ఎవరికి ఏ కంపెనీలో ఎంత జీతానికి వచ్చిందో కాలేజీని కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే చేర్చకండి.

ప్రశ్న: ఇంటర్ అయిన మా అమ్మాయి శ్రీసిటీలో సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీకి పోతానంటోంది. హాస్టల్లో ఉండాలట. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఇబ్బంది కాదా?
– తండ్రి, శ్రీకాళహస్తి

జవాబు: మీ అమ్మాయి నెల జీతం తెచ్చుకుంటే ఇబ్బందిపడే సంబంధం మీకెందుకండీ? శ్రీసిటీలో ఫోన్లు బిగించే లైన్లలో ఉన్నవాళ్లలో అత్యధికులు ఆడపిల్లలే. మీ జిల్లాలో ఇంటర్ చదివిన పిల్లకు ఇంటికి ఇంత దగ్గర్లో ఇలాంటి అవకాశం ఇరవై ఏళ్ల కిందట లేదు. మీరు స్వయంగా వెళ్లి హాస్టల్ చూడండి, అక్కడి పిల్లలతో మాట్లాడండి. జీతం కంపెనీ ఇస్తుందా, మధ్యలో కాంట్రాక్టరా? పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? నైట్ షిఫ్టుకు బస్సు గేటు దాకా వస్తుందా? లైన్ మీద రెండేళ్లు చేశాక క్వాలిటీ విభాగంలోకో, సూపర్‌వైజర్‌గానో ఎదిగిన అమ్మాయిలు ఉన్నారా? దూరవిద్యలో డిగ్రీ కడితే పరీక్షలకు సెలవిస్తారా? వీటికి సరైన జవాబులొస్తే వచ్చే సోమవారమే పంపండి. మొదటి జీతం ఆమె బ్యాంకు ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు ఆమె దగ్గరే ఉండాలి.